పెన్‌డ్రైవ్ మౌంట్ అయ్యిందో లేదో (అంటే ఒక ఫోల్డర్‌కి తగిలి వాడుకానికి వచ్చిందో లేదో) లినక్స్‌ల ప్రోగ్రామ్‌కి ఎట్ల తెలుస్తది? మౌంట్ల లిస్టు ఉండే /ఈటీసీ/ఎంట్యాబ్ చదివితే సరిపోతదా?

ఎంట్యాబ్‌ని నమ్ముకోకు అన్నా. ఒకప్పుడు అది మౌంట్ కమాండ్ రాసుకునే మామూలు ఫైలు, అసలు సంగతి ఒకటుంటే అండ్ల ఇంకోటి ఉండేది. ఇప్పుడు చాలా డిస్ట్రోలల్ల (ఉబుంటు లాంటి లినక్స్ రకాలు) అది /ప్రాక్/సెల్ఫ్/మౌంట్స్‌కి లింకే. ప్రాక్ కింద ఉన్నయి డిస్కు మీది ఫైళ్లు కావు, తెరిచి చదివినప్పుడల్లా కెర్నల్ (లినక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) అప్పటికప్పుడు తయారుచేసి ఇస్తది.

నేను మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లుల కాంటా కంప్యూటర్లు చూస్తుంట. ఒక మిల్లుల ఎవరో పెట్టిపోయిన బ్యాకప్ స్క్రిప్టు /ఎంఎన్‌టీ/బ్యాకప్ ఫోల్డర్ ఉందా అని మాత్రమే చూసేది, డిస్కు పీకేసినా ఉత్త ఫోల్డర్ ఉంటది కదా, ఇగ వడ్ల సీజన్ల ట్రాక్టర్లు లైన్ కట్టినప్పుడు బ్యాకప్ అంతా సిస్టం డిస్కులనే పడి అది నిండిపోయి కాంటా చీటీలు రాకుండ ఆగినయి. డీఎఫ్ (ఏ ఫోల్డర్ ఏ డిస్కు మీద ఉందో చూపే కమాండ్) కొట్టి చూస్తే ఆ ఫోల్డర్ ఎదురుంగ రూట్ పార్టిషన్ (సిస్టం ఉన్న డిస్కు భాగం) పేరే ఉంది.

ప్రోగ్రామ్ నుంచి అయితే /ప్రాక్/సెల్ఫ్/మౌంట్‌ఇన్ఫో చదువు. లైను ఇట్లుంటది:

36 29 8:17 / /మీడియా/కాంటా\040బ్యాకప్ ఆర్‌డబ్ల్యూ షేర్డ్:20 - వీఫ్యాట్ /డెవ్/ఎస్‌డీబీ1 ఆర్‌డబ్ల్యూ

36 ఈ మౌంట్ నంబరు, 29 దీని పేరెంట్‌ది, 8:17 డివైజ్‌ది. పేరుల స్పేస్ ఉంటే \040 అని వస్తది, దాన్ని మళ్ల మార్చుకోవాలె. షేర్డ్ లాంటి ఫీల్డులు ఒకటి ఉండొచ్చు, రెండుండొచ్చు, అసలే ఉండకపోవచ్చు, అందుకే ఫైల్‌సిస్టం (ఈడ వీఫ్యాట్) ఎన్నో ఫీల్డు అని లెక్కపెట్టకు, ఒంటరిగ ఉన్న గీత దొరికినంక తర్వాతది తీసుకో (చాలామంది కోడ్ ఈడనే పగుల్తది).

డాకర్ (ప్రోగ్రామ్‌లను వేరే డబ్బాలల్ల పెట్టి నడిపేది) లోపల లిస్టు వేరే వస్తుందంటే బగ్ కాదు, మౌంట్ నేమ్‌స్పేస్ (ఆ ప్రోగ్రామ్‌కి కనపడే మౌంట్ల గుంపు) వేరు, ఫైలు దారిల సెల్ఫ్, అంటే చదివే ప్రోగ్రామ్‌దే, అని పెట్టిందే అందుకు.

ఖాళీ జాగ ఎంతుందో చూడనీకి స్టాట్‌వీఎఫ్ఎస్ అనే ఫంక్షన్ పిలువు, కానీ ఎఫ్_బీఫ్రీ (మొత్తం ఖాళీ) కాదు ఎఫ్_బీఅవైల్ (మామూలు యూజర్‌కి దొరికే ఖాళీ) చూడు, ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫైల్‌సిస్టం మామూలుగ 5 శాతం రూట్ యూజర్‌కి దాచిపెడ్తది. ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీది డిస్కు) సర్వర్ పడిపోయి ఉంటే మాత్రం ఈ కాల్ అట్లనే ఇరుక్కుంటది, మౌంట్‌ఇన్ఫో చదువుడు ఇరుక్కోదు, కాబట్టి ముందు లిస్టు చూసి నీకు కావాల్సిన దాన్నే అడుగు. కెర్నల్ 6.8 నుంచి స్టాట్‌మౌంట్, లిస్ట్‌మౌంట్ అని సిస్టం కాల్సే వచ్చినయి గాని పాత మిషన్లల్ల ఉండయి.

నీది బాష్ స్క్రిప్టే అయితే ఇంత లొల్లి ఎందుకు, కాపీకి ముందు మౌంట్‌పాయింట్ -క్యూ /ఎంఎన్‌టీ/బ్యాకప్ అని ఒక లైను పెట్టు, సున్నా (మౌంట్ అయ్యింది అనే జవాబు) రాకపోతే అక్కడ్నే ఆపెయ్.