సరదా స్కూబాకి సర్టిఫికెట్ చట్టం కావాలా?
సరదాగా స్కూబా, అంటే సిలిండర్ గాలి పీలుస్తూ నీళ్ల అడుగున ఈత, చేసేవాళ్లకి కూడా సర్టిఫికెట్ కంపల్సరీ అని చట్టం పెట్టాలా అంటే, నా వరకైతే డైవర్ల మీద అక్కర్లేదు. మాది నెల్లూరు, మైపాడు బీచ్‌లో ఈతకి దిగేవాళ్లని ఎవరూ సర్టిఫికెట్ కార్డు అడగరు గదా. కాకపోతే స్కూబా వేరే సంగతి, 10 మీటర్ల లోతులో ప్రెషర్ పైనున్నదానికి డబుల్ ఉంటది, అక్కడ సిలిండర్ గాలి పీల్చి ఊపిరి బిగబట్టి పైకొస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు, ఎంత గజ ఈతగాడికైనా ఇది ఒకరు నేర్పితేగానీ తెలీదు. అందుకే చట్టం లేని చోట కూడా మంచి డైవ్ షాపులు కార్డు చూడందే సిలిండర్ ఇవ్వవు. ఇజ్రాయెల్‌లో చట్టమే ఉందిలెండి. మన దగ్గర పెడితే షాపుల మీద పెట్టాలి, ఎందుకంటే అండమాన్ పోయి కాసేపు ట్రైనింగ్‌తో దిగే మనోళ్లంతా ఇన్‌స్ట్రక్టర్‌నీ ఆయనిచ్చిన సిలిండర్‌నీ నమ్ముకునే దిగేది.