రాజ్యసభ కాదంటే?

ప్రశ్న: లోక్‌సభ ఆమోదించిన బిల్లును రాజ్యసభ తిరస్కరిస్తే ఇక అంతేనా?

జవాబు: కాదు. మామూలు బిల్లయితే, తిరస్కరించినా, ఆరు నెలలు దాటినా తేల్చకపోయినా రాజ్యాంగంలోని 108వ అధికరణం కింద రాష్ట్రపతి ఉభయసభలను కలిపి సమావేశపరచవచ్చు. హాజరై ఓటేసినవారిలో మెజారిటీ చాలు. లోక్‌సభ సభ్యులు రెట్టింపుకు పైనే కనుక మొగ్గు ఎటో చెప్పనక్కర్లేదు.

ఇలా మూడుసార్లే జరిగింది: 1961లో వరకట్న నిషేధం, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు, 2002లో పోటా (ఉగ్రవాద నిరోధక బిల్లు). అధ్యక్షత స్పీకర్‌ది. కానీ 2002 మార్చి 3న స్పీకర్ బాలయోగి హెలికాప్టర్ ప్రమాదంలో మరణించడంతో, అదే నెల 26న డిప్యూటీ స్పీకర్ పి.ఎం.సయీద్ సభ నడిపారు. బిల్లు 425–296తో నెగ్గింది.

పన్నులు, ప్రభుత్వ ఖర్చుల వంటివాటికే పరిమితమైన ద్రవ్య బిల్లుకు ఈ తంటా లేదు; రాజ్యసభ 14 రోజుల్లో తిప్పి పంపకపోతే ఆమోదం పొందినట్టే. రాజ్యాంగ సవరణకు మాత్రం ఈ దారి లేదు, రెండు సభలూ విడివిడిగా ఆమోదించాల్సిందే.