ఒరే అల్లుడూ, ముందు రేడియేటర్ సంగతి చూడు

ఒరే అల్లుడూ, కంప్యూటర్‌ని నీళ్ళతో చల్లబరచడానికి కొనాల్సిన సామాన్లని నువ్వు పంపిన లిస్ట్ చూశాను, రాత్రి మీ అత్తయ్య లైట్ ఆపమని తిట్టేదాకా దాంతోనే కూర్చున్నాను. పంపూ, చిప్‌ల మీద కూర్చుని వేడి లాగే బ్లాకులూ బానే ఉన్నాయి గానీ రేడియేటర్ ఒకే ఒక్క 240, అంటే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండే పట్టేది పెట్టి మిగతా డబ్బులన్నీ గాజులాంటి గట్టి ట్యూబులకీ మెరిసే ఫిట్టింగులకీ పోశావేట్రా? మండపం బ్రహ్మాండంగా కట్టి భోజనాలు మర్చిపోయినట్టుంది.

పాతికేళ్ళు ఓడల్లో ఇంజిన్ రూమ్‌లో చేశాను కదా, అక్కడ నేర్చుకుందే చెప్తున్నాను, నీళ్ళు వేడిని మింగెయ్యవు, మోస్తాయి అంతే. మోసుకొచ్చిన బరువు ఎక్కడో దించాలి. ఓడలో అయితే సముద్రంలోకి దించేవాళ్ళం, నీ డబ్బాలో అయితే రేడియేటర్ మీంచి పోయే గది గాల్లోకి దించాలి. మే నెలలో ఏసీ వెయ్యకపోతే మన గది 35 ఉంటుంది, ఇక నీళ్ళు 35 కన్నా కిందకి రావు, ఎంత ఖరీదు సామాను పెట్టినా రావు.

ఇప్పుడు లెక్క చూడు. నీ ఆర్‌టీఎక్స్ 4080 గ్రాఫిక్స్ కార్డు 320 వాట్లు, రైజెన్ 7950ఎక్స్ ప్రాసెసర్ పేరుకి 170, గట్టిగా పని పెడితే 230 దాకా లాగుద్ది. 500 వాట్లు అనుకో. నీళ్ళు గది కన్నా పది డిగ్రీలు వేడిగా ఉన్నప్పుడు, ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతుంటే, ఒక్కో 120 ఫ్యాన్ జాగా సుమారు 100 వాట్లు బయటికి తోస్తుంది, ఇది మోటు లెక్కే అనుకో. ఈ లెక్కన నీ 240తో నీళ్ళు గది మీద పాతిక డిగ్రీలు ఎక్కుతాయి, అంటే 60. నీ లిస్ట్‌లో ఉన్న డీ5 పంపుకి 60 వరకే పరిమితి, నువ్వు మోజు పడ్డ పీఈటీజీ అనే గట్టి ప్లాస్టిక్ ట్యూబ్ కూడా ఆ దరిదాపుల్లోనే మెత్తబడి ఫిట్టింగ్ దగ్గర జారుద్ది. అందుకే ఒక 360, ఒక 240, రెండూ పెట్టు. జాగా ఉంటే 240 బదులు 280 ఇంకా మంచిది, 140 ఫ్యాన్లు రెండు కాబట్టి వైశాల్యం మూడోవంతు పైనే ఎక్కువ.

మందం 30 మిల్లీమీటర్లు చాలు, 60వి కొని గొప్పలు పోకు. ఫిన్‌ల సంగతి మాత్రం పట్టించుకో, గాలి దూరే ఆ పల్చటి రేకులు. అంగుళానికి ఇరవై పైన ఫిన్‌లుంటే ఫ్యాన్ గట్టిగా తొయ్యాలి, మోత. పైగా నువ్వుండేది పెదవాల్తేరులో, కిటికీ తీస్తే సముద్రం గాలి, ఆ తేమకి దుమ్ము ఫిన్‌ల మధ్య పిండిముద్దలా అతుక్కుంటుంది, దగ్గర దగ్గర ఫిన్‌లైతే బ్రష్ కూడా దూరదు. పన్నెండు, పదహారు మధ్య ఉన్నది తీసుకో, మీ బాల్కనీ గ్రిల్ తుప్పు చూశావు కదా, టేబుల్ మాత్రం ఆ కిటికీ పక్కన వద్దు.

కొనేముందు కొలత. రేడియేటర్ 30, ఫ్యాన్ 25, కలిపి 55. చెప్పుల డబ్బా అట్ట ఆ మందానికి మడిచి టేప్ వేసి క్యాబినెట్ పైన పెట్టి చూడు, ర్యామ్‌కి తగుల్తుందా, బోర్డు అంచున ఉన్న హీట్‌సింక్‌కి తగుల్తుందా అని. నేను స్కేల్‌తో కొలిచి సరిపోద్ది అనుకున్నాను, తీరా బిగించే రోజు వైరు ప్లగ్ ఒకటి అడ్డం వచ్చి పైన పెట్టాల్సింది ముందుకి మార్చాల్సొచ్చింది, అక్కడ కార్డు పొడవు అడ్డం.

ఇంకోటి, రాగి రేడియేటరే. పాత రెడీమేడ్ కూలర్‌లోంచి తీసిన అల్యూమినియం రేడియేటర్ ఊరికే ఉంది కదా అని రాగి బ్లాక్‌తో కలిపాను ఒకసారి, కొన్ని నెలలకి విప్పితే బ్లాక్ సందుల్లో తెల్లటి సున్నం ముద్దలాంటిది, వేలితో రుద్దితే జారింది. ఓడ అడుగున జింక్ దిమ్మలు బిగించేవాళ్ళం, ఉక్కు బదులు అవి అరిగిపోవాలని, అంత తెలిసినవాడినే ఇంట్లో ఈ పని చేశాను చూడు!

ఇక ట్యూబ్. మొదటిసారికి హీట్ గన్ పట్టుకుని గట్టి ట్యూబులు వంచడం వద్దురా, ఒక్క వంపు తప్పితే ముక్క మొత్తం చెత్తబుట్టకే. నల్లటి ఈపీడీఎమ్ రబ్బర్ ట్యూబ్, 10/16, అంటే లోపల 10 బయట 16 మిల్లీమీటర్లు, మూడు మీటర్లు తీసుకో. గోడ మందం కాబట్టి తొందరగా మడత పడదు, వెలుతురు దూరదు కాబట్టి పాచి తక్కువ, పారదర్శకంగా ఉండే మెత్తటి పీవీసీలోంచి ప్లాస్టిసైజర్, అదే ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే రసాయనం, కారి బ్లాక్‌లో జిగురు కట్టినట్టు ఇందులో కట్టదు. ఫిట్టింగ్ కూడా 10/16ది అని రాసుంటేనే కొను, 10/13ది దీనికి పట్టదు. మొదట ఏ పార్ట్, తర్వాత ఏది అని తల బద్దలు కొట్టుకోకు, నిమిషానికి 4 లీటర్లు తిరిగితే 500 వాట్లకి లూప్‌లో, అంటే నీళ్ళు తిరిగే చుట్టులో, ఒకచోటికీ ఇంకోచోటికీ వేడిలో తేడా రెండు డిగ్రీలు కూడా ఉండదు, ట్యాంక్ మాత్రం పంపు పైన ఉండాలి, పంపు ఒట్టిగా తిరగకూడదు.

మన ఊరి ఉక్కపోతకి ట్యూబులు ఫ్రిజ్‌లోంచి తీసిన బాటిల్‌లా చెమటపడతాయేమో అన్నావు. పట్టవు, నీళ్ళు గది కన్నా ఎప్పుడూ వేడిగానే ఉంటాయి.

కొత్త రేడియేటర్ వచ్చాక వేడి డిస్టిల్డ్ వాటర్ సగం పోసి, రెండు కన్నాలూ మూసి, పసిపిల్లాడి గిలక్కాయలా ఊపి తెల్ల గిన్నెలో వంపు. మొదటిసారి బూడిదరంగు నలకలు వస్తాయి, టంకం పెట్టిన మడ్డి అది. నీళ్ళు గిన్నె అడుగు కనపడేంత తేటగా వచ్చేదాకా ఐదారుసార్లు కడుగు. కుళాయి నీళ్ళూ వద్దు, ఆర్‌ఓ నీళ్ళూ వద్దు, చివర్లో డిస్టిల్డ్ వాటర్‌లో పాచి పట్టనివ్వని మందు, బయోసైడ్, చుక్కలు, రంగులు హోలీకి దాచుకో.

నింపాక బోర్డుకీ కార్డుకీ కరెంట్ తీసేసి, పంపు ఒక్కటే 24 గంటలు తిప్పు, ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ కాగితం పరుచు. ఆ టెస్ట్ శనివారం పెట్టుకో, ఆదివారం నేనొచ్చి చూస్తాను, అట్టముక్క కొలతలు మాత్రం ఈలోపే వాట్సాప్‌లో పంపు, అవి చూడకుండా ఆర్డర్ కొట్టకు.