నది బాగుచేసే పనికి ముందు జంతువుల సర్వే, రెండు వారాలు చాలవా?

గట్టు పని ఇంకో 2 వారాల్లో మొదలవుతుంది, ఈలోపు సర్వే అయిపోతుందా అని అడిగారు. అవ్వదండీ. ఆ 2 వారాల్లో కనపడ్డవాటి లిస్టే వస్తుంది, వలస పిట్టలూ ఇసుకలో గుడ్లు పెట్టే తాబేళ్ళూ మన డేట్లు చూసుకుని రావు కదా, ఏడాది మొత్తం చూడగలిగితే మంచిది.

మా టీమ్ బోర్లా పడింది మాత్రం ఇంకోచోట. నదిలో పని జరగబోయే ముక్క ఒక్కటే సర్వే చేశాం, పనయ్యాక మళ్ళీ వలేస్తే మేఫ్లై (శుభ్రమైన నీళ్ళలో పెరిగే పురుగు) పిల్లలు బోలెడు, తెగ సంబరపడ్డాం. మీటింగులో ఒకాయన తాపీగా "ఈ ఏడు నీళ్ళు బాగా పారాయి కదండీ, నది అంతా పెరిగాయేమో" అన్నాడు. ఒక్కరం నోరెత్తలేదు. అందుకే పని చేయని ముక్క ఇంకోటి, అదే లోతు, అదే రకం రాళ్ళు ఉన్నది, ఎగువన చూసుకోండి (దిగువకైతే మీరు రేపే మట్టి కొట్టుకుపోతుంది), రెండిట్లోనూ ముందూ తర్వాతా ఒకే సీజన్లో ఒకేలా లెక్కపెట్టండి. కాలితో రాళ్ళు కదిపి కాస్త దిగువన వల పట్టేటప్పుడు 3 నిమిషాలంటే ప్రతిసారీ 3 నిమిషాలే, ఓసారి ఎక్కువ తన్నితే పోల్చడానికేం ఉండదు. స్టోన్‌ఫ్లై, మేఫ్లై లాంటి పురుగులు మురికి తట్టుకోలేవు, వలలో ఉత్త ఎర్ర పురుగులే వస్తుంటే మొక్కలు నాటడం తర్వాత, ముందు ఆ మురికి ఎక్కడ్నించి వస్తోందో వెతకండి.

ఎగిరే తూనీగని చూసి ఇక్కడే పుట్టిందని రాసేయకండి, ఎక్కడ్నించైనా వచ్చుండొచ్చు, తూనీగ పిల్ల విడిచిన ఖాళీ పొట్టు గడ్డి కాడకి అంటుకుని దొరికితే అప్పుడు నమ్మొచ్చు. నీటికుక్క మనిషికి కనపడటం కష్టం, రాళ్ళమీద చేప పొలుసులున్న పెంట వెతకండి. ఏ జంతువులున్నాయో తెలుసుకోడానికి నీళ్ళు పట్టుకెళ్ళి చేసే డీఎన్‌ఏ టెస్టు మంచిదే కానీ అది ఎన్ని ఉన్నాయో తేల్చదు, పైనుంచి కొట్టుకొచ్చింది కూడా అయ్యుండొచ్చు.

ఇంకోటి, నిలువుగా కోసుకుపోయిన గట్టు చూసి పాడైపోయిందనుకుని ప్లాన్లో ఏటవాలు చేసేద్దాం అని రాసేశాం, తీరా దగ్గరకెళితే లకుముకి పిట్టల బొరియలు! ఆ ముక్క వదిలేశాం.

డేట్ జరపడం మీ చేతుల్లో లేకపోతే కనీసం ఆ బొరియలు, వల శాంపిళ్ళు రెండు ముక్కల్లోనూ, ఒకే చోట నిలబడి తీసిన ఫొటోలు, ఇవి కానిచ్చేయండి. ఒక నది నుంచి ఇంకో నదికి వెళ్ళేటప్పుడు బూట్లు, వల కడిగి బాగా ఆరబెట్టండి, తడిమీద రోగాలు వెళ్ళిపోతాయి.