‘కరిగింది’ అన్న మాటతో జాగ్రత్త

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇంటర్ పిల్లలకు వచ్చే వారం విద్యుద్విశ్లేషణ, అంటే కరెంటుతో పదార్థాలను విడగొట్టే పాఠం, మొదలుపెడుతున్నానని రాశావు. ఏళ్ల తరబడి ఆ పాఠం చెప్పినవాడిగా ఒక్క సంగతి ముందే చెబుతాను. పిల్లలు తడబడేది సమీకరణాల దగ్గర కాదమ్మా, ‘కరగడం’ అనే మాట దగ్గర. మన ఇళ్లలో పొయ్యి మీద నెయ్యీ కరుగుతుంది, చారులో ఉప్పూ కరుగుతుంది; మొదటిది వేడికి ద్రవమైన నెయ్యే తప్ప వేరొకటి కాదు, రెండోదానిలో ఉప్పు అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న కణాలుగా, విడిపోయి నీటి అణువుల మధ్య చేరుతుంది. అందుకని మొదటి రోజే మొదటిదాన్ని గలన స్థితి అనీ, రెండోదాన్ని జలద్రావణం అనీ విడదీసి చెప్పు. ‘కరిగిన ఉప్పు’ అనే మాట తరగతిలో నువ్వు వాడకు, వాళ్లను వాడనివ్వకు.

ఉప్పు 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవమవుతుంది. ఆ ద్రవంలో సోడియం, క్లోరైడ్ అయాన్లు తప్ప ఇంకేమీ లేవు కనుక, కరెంటు పంపితే కాథోడ్ (రుణధ్రువం) దగ్గర సోడియం లోహం, ఆనోడ్ (ధనధ్రువం) దగ్గర క్లోరిన్ వస్తాయి. గాఢమైన ఉప్పునీటిలోనూ ఆనోడ్ దగ్గర క్లోరినే వస్తుంది. కాథోడ్ దగ్గర మాత్రం సోడియం అయాన్ కంటే నీరే సులువుగా క్షయకరణం చెందుతుంది (ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది) కాబట్టి హైడ్రోజన్ వెలువడి, ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం మిగులుతుంది. సోడియం నీటిని తాకితే తీవ్రంగా చర్య జరుపుతుందని బాగా తెలిసిన పిల్లలే, ఉప్పునీటి నుంచి సోడియం వస్తుందని రాసిన జవాబులు నేను ఎన్నో దిద్దాను.

ఇది చెప్పి వదిలేయకుండా చూపించు. గ్లాసెడు ఉప్పునీటిలో క్షారం తగిలితే గులాబీ రంగుకు తిరిగే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, తొమ్మిది వోల్టుల బ్యాటరీకి కలిపిన రెండు పెన్సిల్ ములుకులు ముంచితే, రుణధ్రువం వైపు బుడగల వెంట గులాబీ రంగు తీగలా పాకుతుంది. కిటికీలు తెరిచి ఉంచు, క్లోరిన్ వాసన రాగానే ఆపేయి.

ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ కథ కూడా చెప్పు. పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్) జలద్రావణంలో కరెంటు పంపినప్పుడు ఆయనకు నీరు విడిపోవడమే కనిపించింది. 1807లో, పైపైన కాస్త తడి మాత్రమే ఉన్న పొటాష్ కరెంటుకే గలనమైనప్పుడు పొటాషియం పూసలు మెరిశాయి.

కాపర్ సల్ఫేట్‌ను మాత్రం రెండో రోజుకు ఉంచు. రాగి అయాన్ నీటికంటే సులువుగా క్షయకరణం చెందుతుంది కనుక జలద్రావణంలోనూ లోహం పేరుకుంటుంది. ఆ రోజు అది చూపించకపోతే, నీళ్లుంటే లోహమే రాదని పిల్లలు బట్టీ పట్టేస్తారు.

మీ మామయ్య