ఇంట్లోవాళ్లే ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడుతుంటే మన మీద మనకు నమ్మకం ఎలా నిలుస్తుంది?

మా శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరిని చిన్నప్పుడు బలహీనంగా ఉందని వెయిట్‌లిఫ్టింగ్ కోచ్ పక్కన పెట్టారు. వాళ్లమ్మ మాత్రం కూతుర్ని వెనక్కి తగ్గనివ్వలేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి, పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఎవరో ఇచ్చిన తీర్పును మీ విలువ అనుకోకండి.

అయితే అయినవాళ్ల మాటను పట్టించుకోకుండా ఉండటం చాలా కష్టం. ఒకటి గమనించండి. ‘ఈ పని సరిగ్గా చేయలేదు’ అంటే దిద్దుకోవచ్చు. ‘నువ్వెందుకూ పనికిరావు’ అంటే మాత్రం ఊరుకోకండి. గొడవ పడనక్కర్లేదు, ‘ఇలా అంటే నాకు బాధగా ఉంది, తర్వాత మాట్లాడుకుందాం’ అని స్థిమితంగా చెప్పి పక్కకు వచ్చేయండి. ప్రేమ ఉన్నవాళ్లు మొదట చిన్నబుచ్చుకున్నా మెల్లగా అర్థం చేసుకుంటారు. మీరు కాదన్న ప్రతిసారీ బెదిరిస్తుంటే మాత్రం అది పెత్తనమే, దానికి ప్రేమ అని పేరు పెట్టకండి.

చిన్నదైనా సొంత సంపాదన ఉంటే నోరు విప్పే ధైర్యం వస్తుంది. మనసులో మాట చెప్పుకునే మనిషిని ఒక్కరినైనా దూరం చేసుకోకండి. టెన్షన్‌తో నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం. ఆడవాళ్ల మీద చేయిచేసుకుంటుంటే మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది.