వాగ్దానం పట్టుకుని ప్రార్థించినా కష్టం తీరకపోతే, అది మన విశ్వాసం చాలకేనా?

మీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్ళీ చదివాను. మీ వారికి ఎనిమిది నెలలుగా పని లేదు. నాన్నగారు మంచాన పడ్డారు. కొత్త సంవత్సరం ఆరాధనలో ఆ ఏడాదికని ఒక్కో బైబిలు వచనం అచ్చు వేసి ఇచ్చే వాగ్దాన కార్డుల్లో మీకు వచ్చింది యిర్మీయా 29:11, దేవుని ఉద్దేశాలు మన మేలుకే గాని హానికి కావనే వచనం. దాన్ని పట్టుకుని రోజూ ప్రార్థించినా ఏదీ మారలేదు. కూడికలో ఎవరో "నీలో విశ్వాసం చాలక" అన్నారు. ఈమధ్య ప్రార్థనే నోటికి రావడం లేదు, ఇది పాపమా అని చివర్లో అడిగారు.

నేను వాక్యం చెప్పేదాన్ని కాదు. పుట్టింది గుంటూరులో, లూథరన్ కుటుంబంలో. పెళ్ళయ్యాక బెజవాడ వచ్చి పాయకాపురంలో ఓ అద్దె ఇంటి కింది వాటాలో బట్టలు కుడుతున్నాను. మీ చేతికి వచ్చిన కార్డే ఒక ఏడాది నా చేతికీ వచ్చింది. మీరు విన్న మాటే నేనూ విన్నాను. అందుకే రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 1 ఆదివారం. నెలలో మొదటి ఆదివారం కాబట్టి సంస్కారపు ఆరాధన, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షారసం తీసుకునే రోజు. అత్తయ్య తెల్లచీరా నా తెల్లచీరా శనివారం రాత్రే ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేశాను. అవి కట్టుకోలేదు. చాలామంది ఆ రోజు కృష్ణ పొంగి మమ్మల్ని ముంచిందనుకుంటారు. కృష్ణ కూడా ఎన్నడూ లేనంతగా వచ్చింది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందన్నారు. కానీ సింగ్‌నగర్ వైపు మా పేటలన్నిటినీ ముంచింది బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే వాగు అది. దాని నీళ్ళను కృష్ణలోకి మళ్ళించే కాలవకు గట్లు తెగాయి. ఉదయం గుమ్మం దగ్గర ఉన్న నీళ్ళు టీ కాగేలోపు గదిలోకి వచ్చాయి. బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు, అత్తయ్య మందులు పైకి చేరేసి మళ్ళీ కిందకి దిగేసరికి నడుము లోతు. రెండు కుట్టు మిషన్లూ, ఓవర్‌లాక్ మిషనూ, బీరువా నిండా ఖాతాదారుల బట్టలూ అక్కడే వదిలేశాం. శ్రావణమాసం చివర కదా, పెళ్ళి జాకెట్లే ఎక్కువ.

పై వాటాలో ఇంటివాళ్ళు ఉంటారు. నాలుగు రోజులు రెండు గదుల్లో పదకొండు మందిమి. ఆవిడ రోజూ దీపం పెట్టుకునే మనిషి. దేవుడి మూలను కూడా సర్ది మా అత్తయ్యకు పక్క వేసింది. ఉన్న ఒక్క గ్యాస్ బండ అయిపోతుందేమోనని రోజుకు ఒక్కసారే అన్నం వండేది. ముందు పిల్లలకు, తర్వాత అత్తయ్యకు, చివర తనకు.

రెండో రోజు ఫోన్లో ఇంకా కాస్త ఛార్జింగ్ ఉండగా ఓ బంధువు వాట్సాప్‌లో యెషయా 43:2 పంపాడు. "నీవు జలములలోబడి దాటునప్పుడు నేను నీకు తోడై యుందును, నదులలోబడి వెళ్లునప్పుడు అవి నీమీద పొర్లి పారవు." మెట్ల మీద నిలబడి చదివాను. రెండు మెట్ల కింద నల్లటి నీళ్ళు నా గదిలో పొర్లి పారుతూనే ఉన్నాయి. ఫోన్ ఆపేశాను. ప్రేమతోనే పంపాడని తెలుసు. అయినా ఆ వచనం మీద అంత కోపం జీవితంలో ఎప్పుడూ రాలేదు.

అయిదో రోజు పడవలో సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా, అక్కడి నుంచి గుంటూరు అమ్మ వాళ్ళింటికి. నీళ్ళు తీశాక తిరిగి వచ్చాం. ఫైరింజన్‌తో వీధి కడుగుతున్నారు. గదిలో పిక్క లోతు బురద. గోడకు అంటించిన వాగ్దాన కార్డు ఎక్కడ పడిందో, పారతో బురద ఎత్తుతుంటే ఆ ముద్దలో కనిపించింది. తీసి కడిగి దాచుకోలేదు. బురదతోపాటే పోసేశాను.

ఇదంతా అయ్యాక ఓ ప్రార్థన కూడికలో సాక్ష్యం చెప్పమన్నారు. నాకు రాదన్నాను. అప్పుడే ఒకావిడ "విశ్వాసంతో ప్రార్థించినవాళ్ళ ఇళ్ళలోకి నీళ్ళు రాలేదు" అంది. వాళ్ళది రెండో అంతస్తు. ఆమె మీద ఇప్పుడు నాకేమీ లేదు గానీ ఆ మాట తప్పు, దాన్ని తప్పనే చెప్పాలి. ఆ వరదలో మనుషులు చనిపోయారు. వాళ్ళలో ప్రార్థించినవాళ్ళు ఉండరా? పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. తియ్యలేదు. "నా కృప నీకు చాలును" అనే మాట మన ఇళ్ళలో ప్రతి క్యాలెండరు మీదా ఉంటుంది కదా, అది ఆ అడిగింది ఇవ్వనప్పుడు వచ్చిన జవాబు. నీకు విశ్వాసం చాలలేదని దేవుడు పౌలుతో అనలేదు.

ఇక మన కార్డు సంగతి. దుకాణం లేదు, చేతికి పని లేదు, పొద్దస్తమానం ఖాళీ. ఆ రోజుల్లో మొదటిసారి యిర్మీయా 29వ అధ్యాయం మొత్తం చదివాను. మీరూ చదవండి, దాని ముందున్న 28 కూడా కలిపి. అది ఒక ఉత్తరం. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోబడిన వాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరం. ఇల్లూ ఊరూ దేవాలయమూ అన్నీ వదులుకుని పరాయి దేశంలో ఉన్నవాళ్ళకు. అంతకుముందే యెరూషలేములో హనన్యా అనే ప్రవక్త జనానికి తియ్యటి మాట చెప్పాడు: రెండేళ్ళలో అంతా సర్దుకుంటుంది, అందరూ తిరిగొచ్చేస్తారు అని. జనానికి అది నచ్చకుండా ఎలా ఉంటుంది? యిర్మీయా మాత్రం డెబ్బై సంవత్సరాలు అని రాశాడు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి పళ్ళు తినండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చెయ్యండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. ఇంత రాశాక వస్తుంది మన 11వ వచనం, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని.

డెబ్బై ఏళ్ళంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది బబులోనులోనే కన్నుమూసి ఉంటారు. మరి వాళ్ళకు ఆ వాగ్దానం అబద్ధమైందా? ఈ ఒక్క ప్రశ్న దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. చివరికి నాకు అర్థమైనంత వరకు, మనం కార్డు మీద అచ్చు వేసుకునేది ఉత్తరంలోంచి కత్తిరించిన ముక్క. ముక్కగా చదివితే అది ఈ ఏడాదికి పూచీ కాగితంలా కనిపిస్తుంది. ఉత్తరంగా చదివితే, చెరలో ఉన్న మనిషిని దేవుడు మర్చిపోలేదని, చెర ఇంకా ఉండగానే చెబుతున్నాడు. వరదలో వచ్చిన యెషయా వచనం దగ్గరకూ అప్పుడే తిరిగి వెళ్ళగలిగాను. "దాటునప్పుడు" అని ఉంది. నీళ్ళు వస్తాయనే ఆయన లెక్క. "పొర్లి పారవు" అన్న మాట మాత్రం నాకు ఇప్పటికీ పూర్తిగా కొరుకుడు పడలేదు. నా మిషన్ల మీద పొర్లాయి. మా ప్రాణాల మీద పొర్లలేదు. పోయినవాళ్ళ మాటేమిటి అంటే నా దగ్గర జవాబు లేదు, ఉందని మీకు చెప్పను. ఆ "తోడై యుందును" దగ్గర మాత్రం నిలబడగలిగాను.

ఎలా నిలబడ్డానో చెప్పాలంటే ఒక చీర గురించి చెప్పాలి.

బురదలోంచి తీసిన బట్టల్లో ఒకావిడ ఇచ్చిన పట్టుచీర ఉంది. పోయిన వాళ్ళమ్మగారి పెళ్ళిచీర. కూతురికి లంగావోణీ కుట్టమని ఇచ్చింది, నేను ఇంకా కత్తెర పెట్టలేదు. పది రోజులు నీళ్ళలో నానింది. రంగు దిగి, జరీ నల్లబడి, మురుగు వాసన. ఆవిడ ముందునుంచీ గట్టి మనిషి, ఒక్క కుట్టు వంకర పోయినా ఊరుకోదు. ఆ చీర ఖరీదు కట్టడం నా వల్ల కాదు. వాళ్ళమ్మను ఎక్కడి నుంచి తెచ్చివ్వను? ఫోన్ చెయ్యడానికే నాకు నాలుగు రోజులు పట్టింది. వచ్చింది. తడి గుమ్మం మీద కూర్చుని చీర ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా అమ్మయితే నిన్నేమీ అనేది కాదు" అంది. లేచి బ్యాగ్ తీసి, అంతకుముందు కుట్టిన రెండు జాకెట్ల బాకీ 750 రూపాయలు నా చేతిలో పెట్టింది. వద్దండీ, నేనే మీకు ఇవ్వాలి అన్నాను. "కుట్టావుగా, తీసుకో" అంది. చీర మడతపెట్టి కవర్లో వేసుకుని వెళ్ళిపోయింది.

చిన్నప్పుడు గుంటూరులో, సంస్కారం తీసుకునే ముందు పిల్లలకు విశ్వాస పాఠాలు చెప్పే కన్ఫర్మేషన్ క్లాసులో కృప అంటే ఏమిటని అడిగితే, "అర్హత లేనివారికి దేవుడు ఉచితంగా చూపే దయ" అని గడగడా చెప్పేదాన్ని. ఆ గుమ్మం దగ్గర మొదటిసారి అది నా చేతికి తగిలింది. నేను తీర్చలేని బాకీ ఎదుటి మనిషి మోసింది. ఆవిడకేమీ నష్టం లేక కాదు, ఆ నష్టాన్ని తన సంచీలో పెట్టుకుని వెళ్ళింది. సిలువ గురించి అన్నేళ్ళు విన్న ప్రసంగాలు ఆ రోజు నాకు అర్థమయ్యాయి. అందరూ అలా ఉన్నారని అనుకోకండి. ఇంకొకరు మగ్గం వర్క్ జాకెట్లకు 18,000 అడిగారు, ఆరు నెలలు వాయిదాల్లో కట్టాను. అది వాళ్ళ హక్కు, తప్పు పట్టను. వరద సాయం కింద ప్రభుత్వం కింది అంతస్తు వాళ్ళకు ఇచ్చిన 25,000 మిషన్ల మోటార్లకూ అద్దెకూ సరిపోయింది. పరిస్థితి ఇప్పటికీ పూర్తిగా కుదుటపడలేదు. ఓవర్‌లాక్ మిషన్ ఇంకా కొనలేదు.

మీ నాన్నగారి విషయంలో ఒక్కటి గట్టిగా చెబుతాను. ఎవరైనా విశ్వాసం చూపించు, మందులు ఆపెయ్యి అంటే వినకండి. ఫలానా నెలకల్లా స్వస్థత అని తేదీ చెప్పి కానుక అడిగేవాళ్ళను చూస్తే నాకు హనన్యాయే గుర్తొస్తాడు. మా అమ్మమ్మ గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసింది. 1883లో ఈ దేశానికి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్ళ కోసం మొదలుపెట్టిన వైద్యం అది, 1898లో ఆసుపత్రి అయింది. ప్రార్థన మీద నమ్మకం లేక ఆవిడ ఆసుపత్రి కట్టలేదు కదా. మా అమ్మమ్మ మాకు మాత్ర చేతిలో పెట్టి, తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి, తర్వాతే మంచినీళ్ళు ఇచ్చేది. రెండూ ఒకే పని ఆవిడకి. అలాగే మీ వారి పని గురించి సంఘంలో "ప్రార్థన అవసరత" అని పైపైన చెప్పి ఊరుకోకండి. ఏ పని వచ్చు, ఎంత జీతమైనా చేస్తారా, ఈ నెల అద్దెకు ఎంత తక్కువైంది, ఇదంతా మీరు నమ్మే ఒకరిద్దరితో విడమరిచి చెప్పండి. సిగ్గుగా ఉంటుంది, నాకూ ఉండింది. మా సంఘం పాస్టరు అయ్యగారికి చెప్పబట్టే కుట్టు పనికి ఒక పాత మిషన్ దొరికింది.

ఇక మీ ఆఖరి ప్రశ్న. ప్రార్థన రాకపోవడం పాపం అని నేను అనుకోను. 13వ కీర్తన ఎలా మొదలవుతుందో చూడండి: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" 88వ కీర్తన అయితే చీకటి దగ్గరే ఆగిపోతుంది, చివర స్తోత్రం కూడా లేదు. వాటిని ఎవరూ బైబిల్లోంచి తీసెయ్యలేదు. మీ మాటలు రాకపోతే ఆ మాటలు చదవండి. చదవడమూ చేతకాని రోజు ఉంటే ఇంకొకరిని చెప్పమనండి. ఆ పై వాటాలో ఉన్న నాలుగు రాత్రులూ నేను నోరు తెరవలేదు. చీకట్లో అత్తయ్య ఒక్కతే "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టి చివరిదాకా చెప్పేది. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్నచోట ఆగి, పక్కనే పడుకున్న ఇంటావిడ పిల్లల పేర్లూ మా పిల్లల పేర్లూ వరసగా చెప్పి, ఆఖర్న నా పేరు చెప్పేది. నేను గోడ వైపు తిరిగి పడుకుని వినేదాన్ని.